సూరమ్మ పేరు దాటేశాను

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఇలా అయితేనే ఈ మాట నా నోట్లోంచి వస్తుంది. ముప్పై ఏళ్లు దాటింది, నా గుండెల మీద ఒక పేరు కూర్చుని ఉంది. ఒక ముసలావిడ పేరు. ఆవిడని నేను చూడను కూడా చూడలేదు, నేను పుట్టకముందే పోయింది. అందరూ ఎదురుచూస్తున్న చోట, పలకవలసిన సమయంలో, నేనా పేరు పలకలేదు. అంతే. ఇంతదానికి ఇంత బాధా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది. అలా అనుకునే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను.

ఇప్పుడు నేనుండేది యాంగోన్‌లో, లమ్మడాలో. కింద హోల్‌సేల్ కొట్లు, పైన మా ఇళ్లు. మా ఆయనది పప్పుల వ్యాపారం. పుట్టింది మాత్రం నది అవతల, దలాలో పడవ దిగి మోటారుసైకిల్ మీద లోపలికి వెళితే వచ్చే చిన్న ఊళ్లో. దాని అసలు పేరు చెప్పను. పనసదిబ్బ అనుకోండి. బర్మీస్‌లో పెయిన్నెగోన్ అనుకోండి, అర్థం అదే. రెండు భాషల్లోనూ పనసే, ఊళ్లో ఒక్క పనసచెట్టు ఉన్నట్టు మాత్రం ఎవరికీ గుర్తు లేదు. మా ఊరి తీరే అంత. దేనికైనా రెండు పేర్లు. మనుషులకి బడిలో ఒకటి, ఇంట్లో ఒకటి. మా అమ్మ వండితే గోంగూర, పక్కింటావిడ వండితే చింబౌంగ్. గిన్నెలు ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి తిరుగుతూనే ఉండేవి, ఏ గిన్నె ఎవరిదో చివరికి ఎవరికీ తెలిసేది కాదు. పిల్లలం తెలుగులో మొదలుపెట్టిన మాట బర్మీస్‌లో ముగించేవాళ్లం. ఎవరూ కసిరేవారు కాదు. ఆ ఊరంటే నాకిప్పటికీ ప్రాణం. అందుకే చేసిన పని ఇంకా ఎక్కువగా గుచ్చుకుంటుంది.

శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వచ్చి ఇక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోసినవాళ్లు కట్టుకున్న ఊరది. అది ఎలా కట్టారో చెప్పే కథని మేము 'ఊరి పుట్టుక' అంటాం. ఏటా అమ్మోరి పండుగనాడు ఘటాలు ఎత్తే ముందు ఆ పుట్టుక చెప్పాలి. ఎక్కడా రాసి లేదు. ఒక పెద్దాయన నోటినుంచి ఇంకో పెద్దాయన నోటికి వచ్చింది. నా చిన్నతనంలో అది చెప్పేది అప్పలసామి తాత, మా అమ్మకి పినతండ్రి. నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆయనే. తప్పు రాస్తే జడ పట్టుకుని లాగిందీ ఆయనే.

పుట్టుక ఇదీ. మిల్లు మూతపడింది. కూలీలుండే మిల్లు లైన్ ఇళ్లలోంచి అందరినీ వెళ్లగొట్టారు. వానాకాలం, ఎటు చూసినా నీళ్లు. సూరమ్మ అనే విధవరాలు అమ్మోరి కడవని నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. ఓడలో వచ్చేటప్పుడు ఒళ్లోంచి దించకుండా తెచ్చిన కడవ అది. దాన్ని ఎక్కడ దించితే అమ్మోరు అక్కడే ఉండిపోతుంది, కాబట్టి చోటు చూసుకుని దించాలి. మగవాళ్లు ఇక్కడ దించెయ్, అక్కడ దించెయ్ అని విసుక్కున్నారట. ఆవిడ వినలేదు. మెడ పట్టేసినా నడిచింది. నీళ్లెక్కని ఒక దిబ్బ కనిపించాక అక్కడ దించింది. అదే మా ఊరు. ఆవిడ వెనకే నడిచిన పోలమ్మ అక్కడ రాళ్ల పొయ్యి పెట్టి అందరికీ గంజి కాచింది. ఆ పోలమ్మ మా నాయనమ్మ.

పుట్టుకలో ఎవరి పేరు ముందు వస్తే ఆ ఇంటి ఆడమనిషి మొదటి ఘటం ఎత్తుకోవాలి. తర్వాతి పేరువాళ్లది రెండోది. ఒక పట్టింపు ఉంది. రమ్మని ఎవరినీ పిలవకూడదు, సైగ కూడా చెయ్యకూడదు. పేరు వినబడగానే ఆవిడే లేచి రావాలి. రాకపోతే ఇష్టం లేదని లెక్క. అప్పుడు ఆ ఘటం రెండోవాళ్లది అవుతుంది. ఎందుకు రాలేదని ఎవరూ అడగరు.

సూరమ్మ తర్వాత రోజుల్లో చేపల పడవ నడిపే ఒక బర్మా ఆయనతో కాపురం పెట్టింది. కూతురు పుట్టింది. పేరు డా సేన్, మా నోట్లో సేనమ్మ అత్త. ఆవిడ బర్మీస్‌లోనే పెరిగింది. తెలుగులో 'రండి, తినండి' తప్ప పెద్దగా రావు. ఆ రెండు మాటలతోనే ఊరందరి కడుపూ నింపేది. వాళ్లమ్మాయి ఖిన్‌చో నా ఈడుది. ఇద్దరం ఒకే గొడుగు కింద బడికి వెళ్లినవాళ్లం. సూరమ్మ బర్మా ఆయన్ని చేసుకుందని పెద్దలు సణిగారేమో గాని, పుట్టుకలోంచి ఆవిడ పేరు తియ్యాలని ఒక్కరికీ తోచలేదు. ఏటా సేనమ్మ అత్త బర్మా లుంగీ తమీన్ కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని వచ్చి మొదటి ఘటం ఎత్తుకునేది.

పుట్టుక రెండుసార్లు చెప్పేవాళ్లం. తాత గుడి లోపల, మొహం అమ్మోరి వైపు పెట్టి, తెలుగులో చెబుతాడు. ముందు అమ్మోరు వినాలి. తెలుగు వచ్చిన మగపెద్దలు లోపల కూర్చుని వింటారు. బయట పందిట్లో ఆడవాళ్లు, కోడళ్లు, బర్మా చుట్టాలు, పిల్లలు. వాళ్ల కోసం గుమ్మంలో ఒకరు నిలబడి అదే కథ బర్మీస్‌లో చెప్పాలి. కాలేజీలో చేరిన కొత్తలో ఆ గుమ్మంలో నన్ను నిలబెట్టారు. తాత ముక్క ముక్కగా ఆపేవాడు కాదు, ఒక్క ఊపులో మొత్తం చెప్పేసేవాడు. అది గుర్తు పెట్టుకుని బయటికి తిరిగి చెప్పడం నా పని. నేను బర్మీస్‌లో మొదలుపెట్టేసరికి లోపలివాళ్లు లేచి ఘటాలు సర్దుకునేవారు, డప్పులవాళ్లు డప్పులు కాచుకునేవారు. లోపలి మాట బయటివాళ్లకి వినబడదు. బయటి మాట లోపలివాళ్లు వినరు. రెండూ వినేది గుమ్మంలో ఉన్న మనిషి ఒక్కతే.

ఆ ఏడు మా అమ్మకి ఒంట్లో బాగాలేదు. కడుపులో గడ్డ అన్నారు. ఇంకో పండుగ చూడదని ఇంట్లో అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. మంచం మీద పడుకుని ఒకరోజు, బతుకంతా రెండో ఘటమే మోశాను, ఒక్కసారి మొదటిది మోస్తే బాగుండును అంది. అడిగినట్టు కాదు, నవ్వుతూ అంది. ఆ నవ్వు నన్ను పట్టుకుంది.

అనుకోకుండా జరిగిపోయిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. గుమ్మంలోకి వచ్చి చూశాను. ముందు వరసలో అమ్మ పసుపు చీర కట్టుకుని, రెండు చేతులూ నేలకి ఆనించి, పడిపోకుండా కూర్చుని ఉంది. కాస్త వెనగ్గా సేనమ్మ అత్త, పక్కన ఖిన్‌చో. మిల్లు మూత చెప్పాను. వాన చెప్పాను. కడవ దగ్గరికి వచ్చాను. 'సూరమ్మ' అనవలసిన చోట 'ఒకావిడ' అన్నాను. ఒకావిడ కడవ మోసింది. ఒకావిడ దిబ్బ మీద దించింది. తర్వాత, పోలమ్మ గంజి కాచింది.

పందిట్లో ఎవరూ కదల్లేదు. సేనమ్మ అత్త సగం లేచింది. లేచి, నా మొహం చూసింది. నేను ఇంకెటో చూశాను. ఆవిడ మళ్లీ కూర్చుంది. పేరు రాలేదు కదా, ఎలా వస్తుంది? కాసేపటికి అమ్మ లేచింది. ఎవరో చెయ్యి పట్టుకున్నారు. మొదటి ఘటం ఎత్తుకుంది. ఊరు చుట్టూ మోయలేకపోయింది గాని గుడి చుట్టూ తిరిగింది. ఆవిడ మొహం అంత వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాత చూసే వీలు లేకపోయింది. అమ్మకి పుట్టుక కంఠతా వచ్చు. బర్మీస్ నాకన్నా బాగా వచ్చు. ఒకావిడ అన్నప్పుడు ఆవిడకి తెలియలేదా? తెలిసీ లేచిందా? అడగలేదు. అడిగే ధైర్యం లేక కాదు, జవాబంటే భయం.

మర్నాడు పొద్దున గుడి అరుగు మీద తాత ఘటాలు కడుగుతున్నాడు. నన్ను చూసి పిలిచాడు. ఆ మాటలు పొల్లుపోకుండా నాకు గుర్తున్నాయి.

"ఏటే గుంటా, సేనమ్మ నిన్న ఎందుకు రానేదు?"

"నాకేటి తెలుసు తాతా."

"నువ్వు పేరు సెప్పినావు కదా, బర్మా మాటల్లో?"

"సెప్పినాను."

"గట్టిగా సెప్పినావా? అది ఎనక్కి కూకుంది మరి."

"గట్టిగానే సెప్పినాను తాతా."

ఆయన చేతిలో ఘటాన్ని తుడిచి అరుగు మీద పెట్టాడు.

"అయితే దానికే ఇష్టం నేదన్నమాట. మనోళ్లం అనిపించుకోడానికి సిగ్గేసిందేమో. పోన్లే. నిన్ను అడగడమేటి, నా నోరువి నువ్వు. ఇదిగో, ఈ పెసాదం అట్టుకెళ్లి దానికిచ్చిరా. రానేదని మానెయ్యకూడదు."

ఆకులో కట్టిన ప్రసాదం పట్టుకుని వెళ్లాను. సేనమ్మ అత్త లోపలే ఉండిపోయింది. ఖిన్‌చో దడి దగ్గరికి వచ్చింది. నిన్న అమ్మమ్మ పేరు రాలేదు, తాత చెప్పలేదా అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. చెప్పలేదు అన్నాను. ముసలాయనకి ఇన్నాళ్లకి మా అమ్మమ్మ మొగుడు బర్మావాడని గుర్తొచ్చిందా అంది ఖిన్‌చో. దానికీ నేను తల ఊపాను అనుకుంటాను. గుర్తు లేదంటే నమ్ముతారా? ఊపాను.

ఒకే పొద్దున, ఒకే నోటితో, ఇటు ఆయనకి అదీ, అటు వాళ్లకి ఇదీ. తెలుగుదాన్ననిపించుకోవడానికి ఆవిడకి సిగ్గని ఆయన కుమిలాడు. బర్మా ఆయన్ని చేసుకున్న మనిషి పేరు చెప్పడానికి ఆయనకి సిగ్గని ఆవిడ కుమిలింది. ఇద్దరూ ఒకరినొకరు అడగరు, అదే మా ఊరి మర్యాద. ఆ మర్యాద చాటున నేను దాక్కున్నాను.

అమ్మ ఆ వానాకాలంలోనే పోయింది. సేనమ్మ అత్త మా ఇంటికి వచ్చింది, గుడికి మాత్రం మళ్లీ రాలేదు. మరుసటి పండుగకి చెప్పేద్దామనుకున్నాను. లోపల తాత 'సూరమ్మ' అన్నాడు, మామూలుకన్నా ఒక పిసరు గట్టిగా. నేను గుమ్మంలోకి వచ్చాను. ఇప్పుడు పేరు చెబితే పోయినేడు ఏమైందని ఎవరైనా అంటే? ఒకావిడ అన్నాను. ఆ పై ఏడూ అంతే. అబద్ధం పాతబడేకొద్దీ బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, అలవాటు పడ్డాను.

తాత పోయినప్పుడు ఊరంతా కదిలింది, బర్మా ఇళ్లవాళ్లు కూడా. సేనమ్మ అత్త రాలేదు. ఎంత పట్టుదల, ముసలాయన ఏటా ప్రసాదం పంపించాడు కదా అని ఆడవాళ్లు గొణిగారు. నేను శవం దగ్గరే ఉన్నాను. వింటూ ఉన్నాను.

తర్వాత పుట్టుక చెప్పే పని నా మీదే పడింది, ఇంకెవరికీ రాదు కాబట్టి. లోపల కూర్చుని తెలుగు వినే పెద్దలు, పందిట్లో పాత కథ విన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే పోయారు. పిల్లలకి కాస్త అర్థమవుతుంది గాని పట్టదు. అందరూ బర్మీస్‌లోనే వింటారు, అందరికీ నేనే చెబుతాను. ఒకసారి ఒక చిన్నపిల్ల 'ఒకావిడ అంటే ఎవరు' అని అడిగింది. పిల్లలకి పేరు కావాలి కదా. నా నాలుక మీద రెండో పేరు సిద్ధంగా ఉంది. పోలమ్మ అన్నాను. అప్పట్నుంచి కడవ మోసిందీ పోలమ్మే, గంజి కాచిందీ పోలమ్మే. ఇప్పుడు మొదటి ఘటం మా పుట్టింటి కోడలు ఎత్తుతోంది. ఊరి చరిత్రలోంచి ఒక మనిషిని లాగేసి ఆ కుర్చీలో మా నాయనమ్మని కూర్చోబెట్టాను. ఆవిడే బతికుంటే నా చెంప పగలగొట్టేది.

ఖిన్‌చో ఇప్పటికీ నా స్నేహితురాలే. ఇది మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. యాంగోన్‌లోనే తాకేటాలో ఇల్లు, బట్టలు కుట్టే చిన్న షాపు. నాకు జ్వరమొస్తే తాకేటా నుంచి బస్సెక్కి వచ్చి గంజి కాచిపెట్టిన మనిషి. నా జాకెట్లన్నీ దాని చేతివే. లావయ్యానని నన్ను వెక్కిరిస్తూ కొలత తీసుకుంటుంది, నేను దాని కళ్లజోడు మీద జోకులు వేస్తాను. సేనమ్మ అత్త పోయినప్పుడు దాని పక్కన నేనే కూర్చున్నాను. నా భుజం మీద పడి ఏడ్చింది. ఇంత ప్రేమ తీసుకుంటూ ఇది దాచడానికి నాకు మనసెలా ఒప్పింది? ప్రేమ పోతుందనే దాచాను. అది తప్ప వేరే కారణం వెతికినా దొరకలేదు.

ఈ మధ్య ఖిన్‌చో కూతురు సందా వచ్చింది. టీచరు. ఊరి చరిత్ర పోకుండా దాచాలని పిల్లలందరూ అనుకున్నారట, నేను పుట్టుక చెబితే ఫోన్‌లో రికార్డు చేసి అందరికీ పంపిస్తారట. కాఫీ తాగుతూ, ఆంటీ, ఒకటి అడగనా అంది. అమ్మోరి కడవ మోసింది మా ముత్తవ్వ అని చిన్నప్పుడు మా అమ్మ అనేది, మీ కథలో మీ నాయనమ్మ అని ఉంది, అడిగితే అమ్మ ఇప్పుడు, 'ఏమో, పెద్దాయనే పేరు తీసేశాడంటే మా అమ్మ గొప్పకి చెప్పుకుందేమో' అంటోంది అని నవ్వింది.

ఖిన్‌చో వాళ్లమ్మనే అనుమానించింది. నా మాట నమ్మి, కన్నతల్లిది కోతలనుకుంది. ఇన్నేళ్లలో నేను లెక్కలోకి తీసుకోనిది అదే.

ముందు తెలుగులో చెప్పండి, తర్వాత బర్మీస్‌లో అంది సందా. ఫోన్ బల్ల మీద పెట్టింది. తెలుగులో చెప్పి ఎన్నేళ్లయిందో. మొదలుపెట్టాను. తెలుగు పుట్టుక తాత నేర్పినది, ఆయన మాటలు ఆయన వరసలోనే వస్తాయి, మధ్యలో మార్చడం నా చేతిలో ఉండదు. మిల్లు వచ్చింది, వాన వచ్చింది, 'సూరమ్మ నెత్తిన కడవెట్టుకోని ముందల నడిసింది' అని వచ్చేసింది. సందాకి తెలుగు అంతంతమాత్రం. పేరు మాత్రం పట్టుకుంది. తలెత్తి చూసింది.

తప్పించుకోవచ్చు. ముసలిదాన్ని, తడబడ్డానంటే నమ్ముతుంది. ఒక్క క్షణం అదే అనబోయాను కూడా. కాని నోరు ఇంక ఒప్పుకోలేదు. బర్మీస్‌లో మొత్తం చెప్పాను. సూరమ్మ కడవ మోసిందని చెప్పాను. తర్వాత పందిరి, ఒకావిడ, అమ్మ పసుపు చీర, తాతకి చెప్పిన అబద్ధం, దడి దగ్గర చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాను. ఫోన్ నడుస్తూనే ఉంది. సందా లేచింది. కాఫీ కప్పు తీసుకెళ్లి కడిగి బోర్లించింది. ఫోన్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

రెండు రోజులకి ఖిన్‌చో ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మా అమ్మ పోయేదాకా ఆ ముసలాయన్ని తిడుతూనే ఉంది, ఆయన చావుకి కూడా వెళ్లలేదు, అంది. ఆ తిట్లన్నీ ఇప్పుడెక్కడికి తీసుకెళ్లి ఇవ్వను అని అడిగింది. ఫోన్ పెట్టేసింది. మళ్లీ చెయ్యలేదు, నేను చేస్తే ఎత్తడం లేదు.

అందుకని మీకు చెబుతున్నాను. అదీ తెలుగులో. తెలుగు చదవలేని మనిషికి చెప్పవలసిన మాట తెలుగులో రాయడం ఇంకొక దాగుడుమూతేనా? కావచ్చు. కాని ఇంతవరకు నా చేత్తో రాసుకోలేదు, ఇవాళ రాశాను. సూరమ్మ పేరు దాటేసింది నేను. ఆ తిట్లు నాకు రావలసినవి, ఖిన్‌చో. తాతవి కావు. ఎప్పుడైనా ఫోన్ ఎత్తితే, ముందు అవే ఇయ్యి. అన్నీ కూర్చుని వింటాను.